కెమెరా ఎవరి వైపు తిప్పాలి?

అందరికీ నమస్కారం. వీధి వేధింపుల మీద డాక్యుమెంటరీ అనగానే మనకు ముందు తట్టేది ఒకటే, బాధపడ్డ అమ్మాయిని కూర్చోబెట్టి జరిగింది చెప్పించడం. అది వద్దనను. కానీ ఆ సంగతి ఆడవాళ్లకు కొత్తేం కాదు, మగవాళ్లేమో అయ్యో పాపం అనుకుని లేచి వెళ్లిపోతారు. మాట అన్నవాడు మాత్రం ఫ్రేములోనే ఉండడు.

అమెరికాలో మ్యాగీ హ్యాడ్లీ-వెస్ట్ 1998 నాటి 'వార్ జోన్' డాక్యుమెంటరీలో ఈ పద్ధతిని తిరగేసింది. దారిన పోతుంటే ఎవడైనా వెకిలిగా చూసినా, కామెంట్ చేసినా ఆగిపోయి, కెమెరా పట్టుకుని నేరుగా వాడి దగ్గరికే వెళ్లి, ఎందుకలా చేశావని అడుగుతుంది. కొందరు పొగిడానంతే కదా అంటారు, కొందరికి కోపం ముంచుకొస్తుంది. ఇలాంటి ఫుటేజీలో నేను చూసేది జవాబును కాదు, దానికి ముందు క్షణాన్ని. వాడు నవ్వుతూ పక్కనున్న ఫ్రెండ్స్ వైపు చూస్తాడు. ఆ కామెంట్ అసలు ఎవరి మెప్పు కోసమో అక్కడే తెలిసిపోతుంది.

రహస్య కెమెరాది వేరే దారి. సోఫీ పీటర్స్ అనే విద్యార్థిని 2012లో బ్రసెల్స్ వీధుల్లో నడుస్తూ 'ఫామ్ ద లా ర్యూ' అనే డాక్యుమెంటరీ తీస్తే దేశమంతా చర్చ నడిచింది, 2014లో బెల్జియం బహిరంగ ప్రదేశాల్లో లింగ వివక్షతో అవమానించడాన్ని ఏడాది దాకా జైలుశిక్ష పడే నేరం చేసింది. కానీ ఆమె తిరిగిన పేటలో వలస కుటుంబాలు ఎక్కువ, దాంతో ఒక వర్గాన్నే దోషిగా నిలబెట్టారన్న విమర్శ వచ్చింది. న్యూయార్క్‌లో 2014లో ఒక నటిని పది గంటలు నడిపించి రెండు నిమిషాలకు కుదించిన వీడియోకీ అదే గతి: తెల్లవాళ్లు దాదాపు కనబడరేమని జనం నిలదీశారు. ఏ వీధి ఎంచుకున్నాం, ఎడిటింగ్‌లో ఎవరిని వదిలేశాం అన్నది చూసేవాళ్లకు చెప్పి తీరాలి, లేకపోతే వేధింపు సంగతి పక్కకుపోయి గొడవంతా దాని మీదే నడుస్తుంది.

తీయబోయే వాళ్లకు రెండు మాటలు. ఒంటరిగా వెళ్లొద్దు, కాస్త దూరంలో ఇంకొకరు ఉండాలి, వాడు మీదికొస్తే షాట్ పోయినా సరే వెనక్కి వచ్చేయండి. బొమ్మ కంటే శబ్దం ముఖ్యం, ఎందుకంటే ఆ మాటలు పక్కనుంచి వెళుతూ గొణిగేవే ఎక్కువ, కాలర్ మైక్ లేకపోతే ట్రాఫిక్ తప్ప ఏమీ వినబడదు. రికార్డింగ్ చట్టాలు దేశానికొక రకంగా ఉంటాయి, అవి ముందే కనుక్కోండి.

ఇప్పుడు మన సినిమా వేస్తున్నాం. అయ్యాక మైకు ముందు మగవాళ్లకే ఇస్తాను. ఆ పక్కన నిలబడి నవ్వే ఫ్రెండ్ మీరే అయితే ఏం చేసేవాళ్లు? అడిగేది అదే, కాస్త ఆలోచించి పెట్టుకోండి.