ఆగిన సైకిలు లెక్క

సభకు నమస్కారం. ఆదివారం పూట, అదీ ఈ ఎండలో, సైకిలు మాటలు వినడానికి మహబూబ్‌నగర్‌లో ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. మీలో చాలామంది 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోపు ముగించవలసిన దూరపు సైకిలు సవారీలు, పూర్తి చేసినవారే. వచ్చే చలికాలంలో 600, ఆ తరువాత ఎవరి సాయమూ లేకుండా తొక్కే పెద్ద పందెం ఏదైనా చూడాలన్న ఆలోచనలో ఉన్నారు. కనుక తొక్కడం ఎలాగో నేను చెప్పబోవడం లేదు. ఈ గంటసేపూ ఆగడం గురించే మాట్లాడతాను.

ముందుగా చిన్న లెక్క చూద్దాం. 600 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 40 గంటలు. అంటే తిండి, నిద్ర, పంచర్లు అన్నీ కలుపుకొని గంటకు 15 కిలోమీటర్లు పడితే చాలు. కదులుతున్నంతసేపూ గంటకు 22 కిలోమీటర్లు తొక్కే మనిషికి తొక్కుడు ఇరవై ఏడుంబావు గంటల్లో అయిపోతుంది. అదే మనిషి తన వేగాన్ని 24కు పెంచుకుంటే మిగిలేది రెండుంబావు గంటలు, దానికోసం ఒక ఏడాది శ్రమ పడవలసి రావచ్చు. అయితే యాభై కిలోమీటర్లకొకసారి చొప్పున పదకొండు చోట్ల ఆగి, ఆగిన ప్రతిచోటా నలభై నిమిషాలు కూర్చునే అలవాటును ఇరవై నిమిషాలకు తగ్గించుకుంటే మిగిలేది 3 గంటల 40 నిమిషాలు. సామాను విషయంలోనూ సాధన విషయంలోనూ నేను చెప్పేదంతా ఈ లెక్క నుంచి పుట్టినదే.

ఎవరి సాయమూ లేకుండా తొక్కే పందేలలో నియమం ఒక్కటే: అందరికీ దొరికే సాయం మీరూ తీసుకోవచ్చు, మీ ఒక్కరికే ఏర్పాటైన సాయం తీసుకోకూడదు. దారిలో హోటలు, మందుల దుకాణం, పంచర్ షాపు వాడుకోవచ్చు. బావమరిది మోటారు సైకిలు మీద ఇడ్లీ పొట్లం తెచ్చి జడ్చర్ల చౌరస్తాలో నిలబడితే మాత్రం అది తప్పే. 2013లో మైక్ హాల్ లండన్ నుంచి ఇస్తాంబుల్‌కు మొదలుపెట్టిన ట్రాన్స్‌కాంటినెంటల్ పందెంలో గడియారం ఎక్కడా ఆగదు, మజిలీ కేంద్రాల మధ్య దారిని కూడా పోటీదారే ఎంచుకోవాలి. అంతకు వందేళ్ళ ముందు, 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో, యూజీన్ క్రిస్టఫ్ సైకిలు ముందు ఫోర్కు టూర్మలే కొండ దిగుతుండగా విరిగింది. ఆయన సైకిలును భుజాన వేసుకొని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింది ఊరిలోని కొలిమిలో తన చేతులతోనే దానిని అతికించుకున్నాడు. ఒక పిల్లవాడు తిత్తి ఊదాడన్న కారణంతో నిర్వాహకులు ఆయనకు సమయం జరిమానా వేశారు. కొలిమి దగ్గర కూర్చున్నవారెవరికైనా ఒంటిచేత్తో ఇనుము కాచడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి ఆ శిక్ష నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

ఇక సామాను సంగతి. మన దారుల్లో మొదటి శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. ఫ్రేములో చోటుంటే 25 మిల్లీమీటర్ల టైర్లు తీసేసి 30 లేదా 32 వేయించుకోండి. ట్యూబులెస్ అయితే మరీ మంచిది, ఎందుకంటే లోపలి సీలెంట్ చిన్న ముల్లు చేసిన రంధ్రాన్ని మీరు గమనించేలోపే పూడ్చేస్తుంది. అయితే మన ఎండకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది కనుక పందేనికి వారం ముందు తప్పక పోయించుకోవాలి. ట్యూబులెస్ ఉన్నా సరే, రెండు మామూలు ట్యూబులు వెంట ఉండాలి. రెండవసారి 300 తొక్కినప్పుడు దేవరకొండ దాటి డిండి వైపు పోతుండగా నాకు పంచరైంది. ట్యూబు మార్చాను కానీ కొత్తగా కొన్న చిన్న పంపు నాలుగు కొట్లకే చేతిలో విరిగిపోయింది. సైకిలు నడిపించుకుంటూ పోతే మోటారు సైకిళ్ళ పంచర్ షాపు కనబడింది, కంప్రెసరూ ఉంది, కానీ నా ట్యూబుది సన్నటి ప్రెస్టా వాల్వు కావడంతో అతని గొట్టం దానికి పట్టలేదు. వేలి చివర ఇమిడే ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటే రెండు నిమిషాల్లో తెమిలే పనికి ఆ రోజు రెండు గంటలు పట్టింది. ఊరి సైకిలు దుకాణాల్లో దొరికే రాడ్డు సైకిలు ట్యూబులు మన చక్రాలకు సరిపోవు. కాబట్టి దారిలో ఏది దొరుకుతుందో చూసుకొని, దొరకనిదే మోయాలి. గొలుసు కలిపే లింకు, వెనక గేర్లు మార్చే డిరేలియర్‌ను పట్టి ఉంచే, మీ ఫ్రేముకే సరిపోయే హ్యాంగర్, ఒక జత బ్రేకు ప్యాడ్లు దొరకవు. బనీను, సబ్బు, అరటిపండ్లు ఎక్కడైనా దొరుకుతాయి.

సంచులు ఎంత ఖరీదైనవన్నది ముఖ్యం కాదు. చీకట్లో చేయి పెడితే ఏ వస్తువు ఎక్కడుందో తెలియాలి. తినేవి హ్యాండిల్ దగ్గర, పనిముట్లు ఫ్రేము సంచిలో, రాత్రికి తప్ప అక్కరలేనివి సీటు వెనక సంచి అడుగున పెట్టుకోండి. ఒకసారి కుదిరిన అమరికను పందెం అయ్యేదాకా మార్చకండి.

దీపం విషయంలో నా మొగ్గు ముందు చక్రంలో ఉండే డైనమో హబ్ వైపే. అది మూడు వాట్ల వరకు ఇస్తుంది, ఆగి చార్జి చేసుకునే పని ఉండదు. బ్యాటరీ దీపమే వాడేవారు లెక్క వేసుకోవాలి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది సుమారు 37 వాట్‌అవర్లు, నాలుగు వాట్ల దీపానికి నష్టాలు పోను ఏడెనిమిది గంటలు వస్తుంది. చలికాలపు రాత్రి పన్నెండు గంటలకు పైనే. అదీగాక, వానాకాలం కోతలు ముగిసే రోజుల్లో మిర్యాలగూడ, హాలియా వైపు దారుల మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రికి వాటిని కుప్ప చేసి, నల్లటి పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. రోడ్డు మీద నల్లటి పట్టా కనబడేంత వెలుగు లేని దీపంతో అటు రాత్రి తొక్కవద్దని నా గట్టి మాట.

గేర్లు కూడా ఆగడంతో ముడిపడినవే. ముందు 34, వెనక 34 పళ్ళు ఉంటే నిమిషానికి అరవై తొక్కులతో గంటకు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు పోవచ్చు. శ్రీశైలం ఆనకట్ట దగ్గర నుంచి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కేటప్పుడు, సంచుల బరువుతో, అది దిగి నడిచే పని తప్పిస్తుంది. ఆ దారి పట్టేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు నిషేధం. మన్ననూరు చెక్‌పోస్టుకు పది నిమిషాలు ఆలస్యమైతే తొమ్మిది గంటల మజిలీ.

సాధనకు పన్నెండు వారాలు పెట్టుకోండి. వారం మధ్యలో రెండు మూడు చిన్న సవారీలు, వారాంతంలో వరుసగా రెండు రోజులు పెద్దవి సరిపోతాయి. దూరాన్ని వారానికి పదో వంతుకు మించి పెంచకుండా, ప్రతి నాలుగో వారం తగ్గించుకుంటూ పోవాలి. కనీసం రెండుసార్లు, పగలంతా పనిచేసిన శుక్రవారం రాత్రి, పందేనికి తీసుకుపోయే సామానంతా వేసుకొని కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి వంతెన దాకా పోయి తెల్లారేసరికి తిరిగి రండి. ఆ ప్రయాణంలోనే అరచేయి మొద్దుబారడం, సీటు ఒరుసుకోవడం, మెడ పట్టేయడం బయటపడతాయి. వాటికి మందు వెతకడానికి ముందు సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిచేయించుకోవాలి. రెప్పలు వాలుతున్నాయంటే మరో కిలోమీటరు అనుకోకుండా దిగి, రోడ్డుకు దూరంగా, ఇరవై నిమిషాలు అలారం పెట్టుకొని పడుకోండి. అది ఖర్చు కింద రాయకూడని మజిలీ.

తిండికి గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లెక్క పెట్టుకోండి. రెండు మామూలు అరటిపండ్లు, ఓ చిన్న పల్లీపట్టీ కలిపితే దాదాపు అంత వస్తుంది. ఎండలో ఉత్త నీళ్ళే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం తగ్గి తల తిరుగుతుంది కాబట్టి ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంచుకోండి. మర్రిగూడ, మునుగోడు వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు కథ మీకు కొత్త కాదు, అక్కడ బోరు నీళ్ళ కంటే శుద్ధి చేసిన నీళ్ళే నింపుకోండి. ఇక చాయ్ హోటలు దగ్గర అసలు పరీక్ష ఉంటుంది. "ఇంత దూరం తొక్కితే ఎంత ఇస్తరు బిడ్డా?" అని ఓ పెద్దమ్మ అడుగుతుంది. "ఏమియ్యరు పెద్దమ్మా" అంటే "మరెందుకు తొక్కుతున్నవ్?" అంటుంది. దానికి జవాబు చెప్పబోయి నేను పోగొట్టుకున్న నిమిషాలకు లెక్క లేదు.

ఇప్పుడు వెనక వరుసలో ఉన్నవారు దయచేసి కిటికీలు మూసి, దీపాలు ఆర్పండి. ఎవరి సైకిలు దగ్గర వారు నిలబడండి. తలకు కట్టుకునే చిన్న దీపం వెలుగులోనే వెనక చక్రం విప్పి, ట్యూబు మార్చి, మళ్ళీ బిగించాలి. గడియారం నా దగ్గర ఉంది, పది నిమిషాలు.