తడి ఆరాకే డై: చేత్తో గ్రీటింగ్ కార్డు చేయడం

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు కార్డులు పెట్టాను. రెండింటి మీదా ఒకే పువ్వు, ఒకే అచ్చు స్టాంపు, అవే మూడు రంగులు. మొదటి కార్డులో నల్లగీత చెదిరి రంగులో కలిసిపోయింది. పువ్వు చుట్టూ ఒకవైపు తెల్ల అంచు ఎక్కువ మిగిలింది, ఇంకోవైపు డై, అంటే కాగితాన్ని ఆకారంగా కోసే ఉక్కు అచ్చు, ఏకంగా గీతనే కోసేసింది. బల్ల మీద పెడితే విల్లులా వంగి నిలబడుతోంది. రెండోదానికి ఈ జబ్బులేవీ లేవు. చేసినవాళ్ల పనితనంలో తేడా ఉందనుకుంటారేమో, ఆ తేడా ఏమీ లేదు. మారింది పనుల వరుస, దానితోపాటు ఒకటి రెండు చిన్న జాగ్రత్తలు.

ఇలాంటి కార్డులో మూడు పనులుంటాయి. నీటి పని, కోత పని, జిగురు పని. నీరు తగిలితే కాగితం ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. చెమ్మ ఉన్న కాగితం డై కింద తెగకుండా చిరుగుతుంది. అతికించాక నీరు తగిలితే అతుకు వదులుతుంది. కనుక నీటి పని ముగిసి పూర్తిగా ఆరాకే కోత, కోత ముగిశాకే జిగురు. ఇవాళ చెప్పేదంతా ఈ వరుస చుట్టూనే ఉంటుంది.

గీత అచ్చుతో, రంగు చేత్తో వేయడం పాత పద్ధతే. అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డుగా పేరున్నది 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించినది. బొమ్మ గీసింది జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ. దాన్ని రాతి అచ్చుతో ముద్రించి, తర్వాత చేత్తో రంగులద్దారు. ఇప్పుడు మన చేతిలో రాతికి బదులు రబ్బరు ఉంది, అంతే.

ముందు కాగితం. వాటర్ కలర్ పని జరిగే ముక్కకు 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే కాగితం తీసుకోండి. అంతకు పలచనైతే కొద్దిపాటి నీటికే అలలు తేలుతుంది. అంతకు బాగా మందమైతే చిన్న డై మెషిన్ కోయలేక మొరాయిస్తుంది. ఉపరితలం మూడు రకాలు: నున్నటి హాట్ ప్రెస్, కాస్త గరుకైన కోల్డ్ ప్రెస్, బాగా గరుకైన రఫ్. ఇక్కడే ఒక పేచీ ఉంది. స్టాంపు గీత తెగకుండా పడాలంటే నునుపు కావాలి, రంగు నిదానంగా, అందంగా పరుచుకోవాలంటే కొంత గరుకు కావాలి. నా లెక్క ఇది: సన్నగీతల పువ్వులకు, అక్షరాలకు హాట్ ప్రెస్. లావుపాటి గీతలున్న స్టాంపులకు, ఆకాశం లాంటి నేపథ్యాలకు కోల్డ్ ప్రెస్. రఫ్ కాగితాన్ని స్టాంపు పనికి తీసుకోనే వద్దు.

నూలు పీచుతో చేసిన కాగితమా, కలప గుజ్జు కాగితమా అన్నది కూడా తేల్చుకోవాలి. నూలు కాగితం నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే దాని మీద రెండు రంగులు ఒకదాన్లో ఒకటి మెల్లగా కరిగేంత వ్యవధి దొరుకుతుంది. మీద రెండో పూత, మూడో పూత వేసినా ఓర్చుకుంటుంది. గుజ్జు కాగితం చప్పున ఆరిపోతుంది, రంగు అంచు గట్టిగీతలా మిగిలిపోతుంది, బ్రష్ నాలుగుసార్లు తిప్పితే పీచు లేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చవక కాగితం మీద నెలల తరబడి కుస్తీ పట్టి, తమ చేతికి రంగులు పట్టుబడవని నిర్ణయానికొచ్చేస్తారు. తప్పు కాగితానిది. నేర్చుకునేటప్పుడే మంచి కాగితం వాడండి, పెద్ద షీటును చిన్న ముక్కలు చేసుకుంటే చాలా కార్డులకు వస్తుంది.

కార్డు అడుగుభాగానికి మాత్రం వాటర్ కలర్ కాగితం అక్కర్లేదు. 250 నుంచి 300 జీఎస్ఎం కార్డ్ స్టాక్, అంటే మామూలు మందపాటి కాగితం చాలు. ఏ4 షీటును సగానికి కోస్తే 148 × 210 మిల్లీమీటర్ల ముక్కలు రెండొస్తాయి. ఒక్కోదాన్ని 105 మిల్లీమీటర్ల దగ్గర మడిస్తే ఏ6 కార్డు అవుతుంది. దాని మీద అతికించే రంగుల ముక్క 95 × 138 ఉంటే చుట్టూ 5 మిల్లీమీటర్ల అంచు కనిపిస్తుంది. మడిచే ముందు బోన్ ఫోల్డర్‌తో, అంటే మొద్దు అంచున్న చిన్న బద్దతో, గాడి గీయండి. గాడి కార్డుకు బయటివైపు, ఉబ్బెత్తు లోపలివైపు ఉండేలా మడవాలి. చాలామంది దీన్ని తిరగేసి మడిచి, మడత మీద పగుళ్లెందుకు వచ్చాయని అడుగుతారు. పగుళ్లకు ఇంకో కారణం గ్రెయిన్, అంటే కాగితంలో పీచు సాగిన దిశ. షీటును అటూ ఇటూ సున్నితంగా వంచి చూడండి. ఏ వైపు తేలిగ్గా వంగుతుందో మడత ఆ వైపు రావాలి.

ఇప్పుడు స్టాంపు. కొత్త పారదర్శక స్టాంపు ఇంకును సరిగా పట్టదు, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. తయారీలో పట్టిన సన్నటి పొర దానికి కారణం. తెల్ల రబ్బరుతో ముఖం మీద తేలిగ్గా రుద్దితే పోతుంది. ఇంకు ప్యాడ్‌ను స్టాంపు మీద చిన్నగా తట్టాలి, అదమకూడదు. అదిమితే ఇంకు గీతల మధ్య సందుల్లోకి దిగి, ముద్ర మసకబారుతుంది.

ఏ ఇంకు అన్నదే అసలు ప్రశ్న. మీద నీళ్ల రంగు వేయబోతున్నాం కనుక ఆరాక నీటికి కదలని ఇంకు కావాలి. ఆల్కహాల్ మార్కర్లకు పనికొచ్చే ఇంకు నీటికి కూడా నిలుస్తుందనుకోవద్దు. అది వేరే ద్రావకాన్ని తట్టుకోవడానికి చేసింది, నీరు తగలగానే చాలాసార్లు కరిగి పారుతుంది. ప్యాడ్ మీద ఏం రాసి ఉన్నా, మీరు వాడబోయే కాగితం ముక్క మీదే ముద్ర వేసి, పది నిమిషాలు ఆగి, తడి బ్రష్‌తో నాలుగుసార్లు తుడిచి చూడండి. పిగ్మెంట్ ఇంకులకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది, వేడిగాలి ఊదే హీట్ గన్‌తో కాస్త వేడి చూపిస్తే త్వరగా కుదురుకుంటాయి. మొదటి కార్డులో గీత చెదిరింది ఈ పరీక్ష చేయకపోవడం వల్లే.

ముద్ర అక్కడక్కడ తెగితే అదే చోట మళ్లీ వేయడానికి స్టాంపింగ్ ప్లాట్‌ఫాం ఉండాలి. కాగితాన్ని మూలకు ఆనించి అయస్కాంతాలతో బిగిస్తాం, స్టాంపు మూతకు అంటుకుని ఉంటుంది. కాగితం కదలనంత వరకు మూత ఎన్నిసార్లు మూసినా ముద్ర అదే గీత మీద పడుతుంది. కోల్డ్ ప్రెస్ మీద రెండు మూడు సార్లు వేస్తేనే గుంటల్లోకి ఇంకు దిగుతుంది. స్టాంపు పనికి ఏదైనా ఒక్క పనిముట్టే కొనాలంటే దీన్నే కొనమంటాను.

గీతను నల్ల ఇంకుతో కాక, వేడికి కరిగే ఎంబాసింగ్ పౌడర్‌తో వేస్తే నీళ్ల రంగు వేయడం బాగా తేలికవుతుంది. కరిగి గట్టిపడిన పౌడర్ ప్రతి రేక చుట్టూ గట్టులా నిలబడుతుంది, మడిలో నీరు ఆగినట్టు రంగు అక్కడే ఆగుతుంది. అక్కర్లేని చోట రేణువులు అంటకుండా కాగితాన్ని ముందుగా యాంటీస్టాటిక్ పౌడర్ సంచితో తుడవండి. జిగట ఉండే పారదర్శక ఎంబాసింగ్ ఇంకుతో ముద్ర వేసి, పౌడర్ పోసి, వెనక నుంచి తట్టి దులపండి. పక్కన అంటిన రేణువులను పొడి బ్రష్‌తో తీసేయండి, కరిగాక తీయలేరు. హీట్ గన్‌ను పక్కకు తిప్పి కొన్ని క్షణాలు వేడెక్కనిచ్చి, అప్పుడు కాగితానికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. ఇసుకలా ఉన్నది మెరుస్తూ నునుపెక్కగానే అక్కడి నుంచి జరపాలి. ఇంకా పట్టి ఉంచితే పౌడర్ కాగితంలోకి ఇంకి, నూనె మరకలా చదునైపోతుంది, గట్టు ఉండదు. హెయిర్ డ్రయర్ దీనికి పనికిరాదు. వేడి చాలదు, గాలికి పౌడర్ లేచిపోతుంది. ఇంకో సంగతి, ఎంబాసింగ్ చేసిన బొమ్మకు రంగు వేశాక హీట్ గన్‌తో ఆరబెడితే గట్టు మళ్లీ కరుగుతుంది. దాన్ని గాలికే ఆరనివ్వండి.

రంగుకు ముందు కాగితాన్ని నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో పలకకు అంటించండి. తడిసి ఉబ్బినా ఆరేటప్పుడు టేపు లాగి పట్టడం వల్ల చదునుగా వస్తుంది. ఆరిపోయాకే టేపు తీయాలి, అదీ బొమ్మకు దూరంగా, ఏటవాలుగా, మెల్లగా. పైకి గుంజితే కాగితం పొర లేచివస్తుంది.

నీళ్లకు రెండు గ్లాసులు, ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి శుభ్రమైన నీటికి. ఇంత చిన్న బొమ్మకు 4 లేదా 6 నంబరు గుండ్రటి బ్రష్, మొగ్గల లాంటి ఇరుకు చోట్లకు 2 నంబరు చాలు. రేకను ముందు శుభ్రమైన నీటితో తడపండి. నీరు మడుగు కట్టకూడదు, పట్టుబట్టలా మెరవాలి. రేక మొదట్లో చిక్కటి రంగు ఒక చుక్క పెడితే అది తనంతట తానే పైకి పాకుతుంది. కొస దగ్గర ఆగిపోతే, కడిగి పిండిన బ్రష్‌తో అంచును కొద్దిగా లాగండి. ఇక దాన్ని వదిలేయాలి. పక్కపక్క రేకలు రెండూ తడిగా ఉంటే ఒకదాని రంగు ఇంకోదాంట్లోకి పోతుంది కాబట్టి ఒక రేక విడిచి ఒక రేక వేసుకుంటూ పోండి. ఆరాక రంగు తేలిపోతుంది, కనుక కంటికి నప్పిన దానికంటే ఒక పాలు చిక్కగా వేయండి.

అందరినీ వేధించేది కాలీఫ్లవర్ అంచులాంటి మరక. సగం ఆరిన పూతలోకి, దానికంటే ఎక్కువ నీరున్న బ్రష్ వెళితే అది వస్తుంది. కొత్త నీరు, స్థిరపడుతున్న రంగు రేణువులను తోసుకుంటూ బయటికి నెడుతుంది, అవి ఆగినచోట గీత కడతాయి. నివారణ కాగితం మెరుపులో ఉంది. తళతళ మెరుస్తుంటే ఇంకా రంగు కలపవచ్చు. మెరుపు తగ్గడం మొదలైతే చేయి తీసేయండి. మెరుపు పూర్తిగా పోయి, ఆరాక రెండో పూత వేయండి. మధ్యలో సరిదిద్దబోయిన ప్రతిసారీ మరక పెద్దదవుతుంది.

రంగులు బురదగా మారడం ఇంకో బాధ. ఎరుపు, ఆకుపచ్చ లాంటి ఎదురెదురు రంగులు తడి మీద కలిస్తే బూడిదరంగు తేలుతుంది. ఒక కార్డుకు మూడు రంగులు, వాటి మిశ్రమాలు చాలు: చల్లటి పసుపు, క్వినాక్రిడోన్ గులాబీ, థాలో నీలం. థాలో నీలం కాగితానికి పట్టిందంటే వదలదు, తుడిచి తీద్దామనుకునే చోట వాడకండి. ఒపేరా గులాబీ చూడటానికి వెలిగిపోతుంది, వెలుతురులో పెడితే మాత్రం త్వరగా వెలిసిపోతుంది. ద్రవరూపంలో సీసాల్లో వచ్చే అద్దకం రంగులదీ అదే కథ. ఫ్రేము కట్టి గోడకు పెట్టుకునే కార్డుకు ఇవి వద్దు.

ఆరిందో లేదో వేలి వెనకతో తాకి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా చెమ్మ ఉంది. అలలు మిగిలితే వెనకవైపు మాత్రం సన్నటి తుంపరతో తడిపి, రెండు శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి, మీద బరువైన పుస్తకాలు పేర్చి రాత్రంతా వదిలేయండి.

అప్పుడు డై. పలుచని ఉక్కు డైకి ఒకవైపు పదునైన అంచు ఉంటుంది, ఆ అంచు కాగితంవైపు ఉండాలి. అడుగు పలక, కోత పలక, కాగితం, డై, మళ్లీ కోత పలక. ఈ దొంతర రోలర్ల మధ్య నుంచి పోతుంది. మెషిన్ తయారీని బట్టి వరుస మారుతుంది, దానితో వచ్చిన సూచనలే ప్రమాణం. పలకలు పటపటమనడం మామూలే. హ్యాండిల్ అసలు తిరగకపోతే బలవంతం చేయకండి, ఒక పలక ఎక్కువైందని అర్థం. డైని కాస్త ఏటవాలుగా పెట్టండి. నిలువు అంచంతా ఒకేసారి రోలర్ కిందికి వస్తే ఒత్తిడి ఎక్కువై కోత వంకరగా వస్తుంది.

స్టాంపుకు సరిపోయే అంచు డై వాడేటప్పుడు రంగు ముందు, కోత తర్వాత అన్నది మరువకండి. ముందే కోసిన ముక్కకు రంగు వేస్తే కోసిన అంచు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, రంగు అక్కడ చేరి నల్లబారుతుంది. ఆరాక కొలత కూడా కొంచెం మారుతుంది. డైని బొమ్మ మీద పెట్టి, పైనుంచి నిటారుగా చూస్తూ, చుట్టూ తెల్ల అంచు సమంగా వచ్చేలా సర్ది, తక్కువ జిగురున్న టేపుతో రెండు చోట్ల బిగించండి. పక్కనుంచి చూసి సర్దితే ఒక మిల్లీమీటరు పక్కకు పోతుంది. మొదటి కార్డులో జరిగిందదే. అక్కడక్కడ తెగకపోతే డై కదలకుండా ఇంకోసారి నడపండి. అయినా తెగని చోట డై వెనక పలుచని కాగితం ముక్క ఒకటి పెట్టండి. కోత పలకలు వంగుతాయి, ఒక్కోసారి ఒక్కో వైపు తిప్పి వాడితే ఎక్కువకాలం వస్తాయి.

లేసులాంటి సన్నటి డైలు 300 జీఎస్ఎం కాగితాన్ని వదలవు. వాటికి పలుచని కార్డ్ స్టాక్ వాడి, డైకీ కాగితానికీ మధ్య మైనపు కాగితం పెట్టండి, ముక్క తేలిగ్గా ఊడివస్తుంది. అక్షరాల డైలకైతే కోసే ముందే కాగితం వెనక రెండువైపులా అంటుకునే జిగురు షీటు అతికించండి. కోశాక సన్నటి అక్షరాలకు జిగురు రాయడం నరకం. తెల్ల కాగితంలో అదే మాటను మూడుసార్లు కోసి ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రంగు పొర పెడితే అక్షరాలకు మందం, కింద చక్కటి నీడ వస్తాయి.

ఇక జిగురు. అన్నీ ముందు ఉత్తగా అమర్చి చూసుకోండి. ద్రవ జిగురు చిన్న చిన్న చుక్కలుగా పెడితే సర్దుకోవడానికి కొద్ది క్షణాలు దొరుకుతాయి. ఎక్కువైతే అందులోని నీటికే కాగితం మళ్లీ ముడతపడుతుంది, ఇంతసేపు చదును చేసిన శ్రమ వృథా. రంగుల ముక్క ఇంకా కొద్దిగా వంగి ఉంటే మెత్తటి, మందపాటి ఫోమ్ టేపుతో అంటించండి, నాలుగు అంచులతో పాటు మధ్యలో కూడా, లేదంటే నడుమ కుంగుతుంది. పోస్టులో పంపేదైతే 1 మిల్లీమీటరు ఫోమ్ ఒక్క పొరతో ఆపండి. ఏ6 కార్డుకు సీ6 కవరు, అంటే 114 × 162 మిల్లీమీటర్లు, సరిపోతుంది. ద్రవ జిగురు వాడిన కార్డును రాత్రంతా బరువు కింద ఉంచి, మర్నాడు కవరులో పెట్టండి. తొందరపడి పెడితే అంచుల దగ్గర బయటికొచ్చిన జిగురు కవరుకు అంటుకుని, తెరిచేవాళ్ల చేతిలో రేకలు చిరుగుతాయి.