అమ్మ ఊఁ కొట్టకపోతే

శ్రోతలకు నమస్కారం.

మూడు నెలల పసిబిడ్డ "ఉంగా" అంటుంది. అమ్మ "ఊఁ... ఇంకా?" అంటుంది. బిడ్డ కాళ్లు ఆడిస్తూ మళ్లీ "ఉంగా" అంటుంది. మనకది ముద్దుముచ్చట. బిడ్డకు మాత్రం అదే మొదటి బడి. తను పిలిస్తే ఎవరో పలుకుతారన్న సంగతి అక్కడే తెలుస్తుంది.

మరి అమ్మ పలకకపోతే? 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే శాస్త్రవేత్త కొందరు తల్లులను ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డ ఎదురుగా కూర్చోమన్నారు. బిడ్డలు మొదట నవ్వి పలకరించారు. అమ్మ ఉలకలేదు, పలకలేదు. కాసేపటికి బిడ్డలు ముఖం తిప్పేసుకున్నారు. అక్కడ అది కొద్ది నిమిషాల ముచ్చటే. తల్లికి డిప్రెషన్, అంటే మనసు కుంగిపోయే జబ్బు, ఉన్న ఇంట్లో ఇది నెలల తరబడి సాగవచ్చు.

ఆ తల్లికి ప్రేమ లేక కాదండీ. బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టదు. కలిపి పెట్టిన పథ్యం అన్నం కంచంలోనే ఎండిపోతుంది. గోడవైపు తిరిగి పడుకుంటే "మేం కనలేదా పిల్లల్ని?" అంటారు ఇంట్లోవాళ్లు. దయచేసి ఆ మాట అనకండి. పురుడయ్యాక కొద్దిరోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం చేసిన పరిశీలన 2003లో అచ్చయింది. డిప్రెషన్ ఉన్న తల్లుల బిడ్డలు ఆరు నెలలకు బరువులో, పొడవులో, తెలివితేటల ఎదుగుదలలో వెనకబడ్డారు. అంగన్‌వాడీలో బిడ్డ బరువు తగ్గితే "పాలు చాలట్లేదా?" అని అడుగుతాం. "నీకు నిద్ర పడుతోందా తల్లీ?" అని కూడా అడగాలి.

అడిగితే ఫలితం ఉంటుంది. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల్లాంటి వాళ్లకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో నూటికి 23 మందికే డిప్రెషన్ మిగిలింది. ఆ శిక్షణ లేనివాళ్లు వెళ్లిన ఇళ్లలో నూటికి 53 మందికి అలాగే ఉండిపోయింది.

పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులూ ఉన్నాయి, భయపడి ఆగిపోకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ తల్లి కోలుకునేదాకా ఆమెను కాసేపైనా పడుకోనివ్వండి. బిడ్డ "ఉంగా" అంటే నాన్నో, అమ్మమ్మో దగ్గర కూర్చుని ఊఁ కొట్టండి.