పొయ్యిలు ఎన్ని, మనుషులు ఎందరు?

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం పెద్దది. హైదరాబాద్ అంచున ఉన్న మన ప్రాంతంలో జనం, ఇళ్లు, పని, ఆరోగ్యం. నేను డాక్టరును కాను, ఆర్థికవేత్తను కాను. బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ విషయం మీద మాట్లాడే హక్కు నాకేదైనా ఉందంటే, 1991, 2001, 2011 జనగణనల్లో చంకలో అట్ట పెట్టుకొని ఇంటింటికీ తిరగడం వల్ల వచ్చిందే. కుక్కలు తరిమాయి. చల్లటి మజ్జిగ ఇచ్చినవాళ్లున్నారు, అప్పు వసూలుకు వచ్చానేమోనని తలుపు వేసుకున్నవాళ్లూ ఉన్నారు.

ముందు అంకెలు చెప్పేస్తాను, తర్వాత వాటిని తిడతాను. 2011లో ఉమ్మడి నల్గొండ జిల్లా జనాభా 34,88,809. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40,53,028. పట్టణాల్లో ఉన్నవాళ్లు రెండు జిల్లాల్లోనూ ఐదో వంతుకు చేరలేదు. పాలమూరు అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలోకీ అడుగున. 2016 అక్టోబర్ 11న జిల్లాలను విడగొట్టారు. చౌటుప్పల్, పోచంపల్లి, బీబీనగర్ యాదాద్రి భువనగిరిలో చేరాయి. షాద్‌నగర్, కొత్తూరు రంగారెడ్డిలోకి పోయాయి. హద్దులు మారాయి గాని జనాభా లెక్క మాత్రం అదే 2011 నాటిది. 2021లో జరగవలసిన జనగణన కరోనాతో ఆగింది, ఆగి అలాగే ఉండిపోయింది. 2011లో పుట్టిన పిల్ల పదో తరగతి పరీక్ష రాసే వయసుకు వచ్చింది, మనం ఇంకా ఆ పిల్లకు పొత్తిళ్ల గుడ్డలే కొలుస్తున్నాం.

ఇదేదో పండితుల గొడవ అనుకోకండి. మైదాన ప్రాంతంలో ముప్పై వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఐదు వేల మందికి ఒక ఉపకేంద్రం, సుమారు వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త అన్నది కొలత. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద రాష్ట్రానికి ఎందరికి బియ్యం అన్నది కూడా 2011 జనాభా మీదే కట్టారు. కింద అంకె తప్పితే పైన భాగహారమంతా తప్పుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా ఈ మాట చెప్పేవాణ్ణి, వాళ్లు నవ్వేవాళ్లు.

ఇక ఊరంటే ఏమిటి, పట్టణమంటే ఏమిటి? జనగణన వాళ్ల దృష్టిలో ఒక ఊరు పట్టణం కావాలంటే కనీసం ఐదు వేల జనం ఉండాలి, చదరపు కిలోమీటరుకు నాలుగు వందల మంది ఉండాలి, పనిచేసే మగవాళ్లలో నూటికి డెబ్బై ఐదుగురు వ్యవసాయం కాని పనిలో ఉండాలి. లేదా ప్రభుత్వం పురపాలక సంఘమని ప్రకటిస్తే సరిపోతుంది. చౌటుప్పల్‌ను 2018లో అలాగే ప్రకటించారు. ప్రకటించిన మర్నాడు పొలాలు పొలాల్లాగే ఉన్నాయి, బర్రెలు బర్రెల్లాగే ఉన్నాయి. మారినవి రెండే. ఒకటి, ఇంటి పన్ను. రెండు, ఉపాధి హామీ. ఆ చట్టం గ్రామాలకు చేసినది, పట్టణానికి వర్తించలేదు. పలుగు, పార పట్టుకొని చెరువు పూడిక తీసిన ఆడవాళ్లు ఒక ఉత్తర్వుతో పట్టణవాసులైపోయారు, చేతిలో ఉన్న జాబ్ కార్డు చిత్తు కాగితమైంది.

చిన్న ముచ్చట ఒకటి చెప్పాలి. జనగణనలో మనుషుల లెక్కకు ముందు రాసే ఇళ్ల జాబితాలో తాగునీటి గడి ఉంటుంది. నీళ్లు ఇంటి ఆవరణలోనా, దగ్గరలోనా, దూరమా అని రాయాలి. గ్రామంలో అయిదు వందల మీటర్ల లోపు ఉంటే దగ్గర. పట్టణంలో వంద మీటర్ల లోపు ఉంటేనే దగ్గర. అంటే మీ ఊరు పురపాలక సంఘమైన రోజున మూడు వందల మీటర్ల అవతల ఉన్న బోరింగు, కదలకుండా మెదలకుండా, మీకు దూరమైపోయింది. బిందె బరువు మాత్రం ఒకటే.

ఇళ్ల సంగతికి వద్దాం. విజయవాడ రహదారికి రెండు వైపులా సున్నం పూసిన హద్దురాళ్లు, ఇనుప కమాను, దాని మీద ఏదో ఒక దేవుడి పేరుతో వెంచరు. లోపల మనుషులు లేరు, గడ్డి ఉంది. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు అని నేను నేర్పిన పిల్లలే ఇప్పుడు గజాల్లో తప్ప మాట్లాడరు. ప్రాంతీయ వలయ రహదారి ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి వచ్చి చౌటుప్పల్ దగ్గరే ఆగుతుంది, దక్షిణ భాగం ఇక్కడే మొదలవుతుంది. ఆ గీత గీసినప్పటి నుంచి భూమి ధర ఒకవైపు, భూమి పోతుందన్న భయం ఇంకోవైపు. ఒకే ఇంట్లో అన్న సంబరపడితే తమ్ముడు ధర్నాలో కూర్చున్నాడు.

నిజంగా మనుషులు నిండిన ఇళ్లు వెంచర్లలో లేవు. ఫ్యాక్టరీల వెనక రేకుల గదుల్లో ఉన్నాయి. వరుసగా ఎనిమిది పది గదులు, చివర ఒక నల్లా, రెండు మరుగుదొడ్లు. 2011 ఫిబ్రవరిలో అలాంటి గది ముందు నేను అరగంట నిలబడ్డాను. లోపల బీహార్ కుర్రాళ్లు. పగటి షిఫ్టు వాళ్లు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టు వాళ్లు పడుకుంటారు, చాపకు సెలవు లేదు. జనగణన నియమం ప్రకారం కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండుకొని తినేవాళ్లు. ఆ గదిలో మూడు కిరోసిన్ స్టవ్వులున్నాయి. అయితే మూడు కుటుంబాలా? అడిగితే ఒకడు నవ్వి, వారం మొదట్లో మూడు పొయ్యిలు వెలుగుతాయని, వారం చివర డబ్బులయిపోయాక ఒకటే వెలుగుతుందని చెప్పాడు. నేను ఒక కుటుంబమని రాశాను. తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు.

పొయ్యి తర్వాత మగ్గం. పోచంపల్లి పేరు చెబితే పట్టు చీర గుర్తొస్తుంది, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి భూదానంగా ఇచ్చిన నూరెకరాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఒక అరుగు గుర్తొస్తుంది. అరుగు మీద ఒకావిడ ఆసు పోస్తోంది. తెలియని పిల్లల కోసం చెబుతాను. చీరకు చిటికి కట్టడానికి, అంటే రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టడానికి ముందు దారాన్ని మేకుల వరుస చుట్టూ అటూ ఇటూ, అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఊగుతుంది. నేను అడిగాను, "అమ్మా, మీరేం పని చేస్తారు?" ఆమె చెయ్యి ఆపకుండానే, "నేనేం పని చేస్తాను సార్, ఇంట్లోనే ఉంటాను" అంది. భర్త లోపల గుంట మగ్గం మీద ఉన్నాడు, ఆయన "ఆమెకు పనేమీ లేదు, రాసుకోండి" అన్నాడు. ఫారంలో కుటుంబ పరిశ్రమ అని ఒక గడి ఉంది, ఆ గడి ఆమె కోసమే పెట్టారు. కానీ ఎంతమంది లెక్కింపుదారులు రెండో ప్రశ్న అడిగి ఉంటారు? ఎండలో నూట యాభై ఇళ్లు తిరిగినవాడు మొదటి జవాబే రాసుకొని పోతాడు. ఆమెను పనివారిలో రాయకపోతే ఆమె భుజం నొప్పి వృత్తి వల్ల వచ్చిన జబ్బు కాదు, వయసు నొప్పి. ఆలేరు పక్క శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రానికి మూలం ఏ ఆసుపత్రి నివేదికా కాదు, కొడుకు కళ్లు.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. 2011లో లెక్కింపు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. ఫిబ్రవరి అంటే మన దగ్గర ఏమిటి? ఇటుక బట్టీలు మండే కాలం. బలంగీర్, నువాపడా నుంచి ఒడిశా కుటుంబాలు కోతలయ్యాక వచ్చి, జూన్‌లో వానలు పడే ముందు వెళ్లిపోతాయి. అదే ఫిబ్రవరిలో నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు ఇళ్లకు తాళాలు. పాలమూరు కూలీ, మనుషులను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట, ముంబైలోనో పుణెలోనో ఉంటాడు. దేశంలో ఆనకట్టలు కట్టిన చేతులవి, సొంత ఊళ్లో జొన్న చేనుకు మాత్రం నీళ్లు లేవు. నియమం స్పష్టంగానే ఉంది. లెక్కింపు రోజులన్నీ ఎక్కడున్నాడో అక్కడే రాయాలి. కాగితం మీద మంచి నియమమే. కానీ ముంబైలో కట్టడం పక్కన టార్పాలిన్ పట్టా కప్పుకొని పడుకున్నవాణ్ణి అక్కడెవరు రాశారు? ఇక్కడ ముసలి తల్లి తాళం పక్కన కూర్చొని "వచ్చేస్తారు సార్, ఉగాదికి వచ్చేస్తారు" అంటే నేను రాయడానికి వీల్లేదు. రాయలేదు.

ఇళ్ల జాబితా రాయడానికి బట్టీకి వెళ్లినప్పుడు ఇంకో తికమక. అక్కడ ఇళ్లంటే పచ్చి ఇటుకలు మట్టి లేకుండా పేర్చి పైన తాటాకో, టార్పాలినో వేసిన గూళ్లు. నిలబడలేం, వంగి దూరాలి. గోడ దేనితో కట్టారు అని గడి. కాల్చిన ఇటుక అని రాయాలా, పచ్చి ఇటుక అని రాయాలా? నా అనుమానం విని బట్టీ గుమస్తా, "రేపు ఈ గోడనే కాల్చి అమ్ముతాం సార్" అన్నాడు. సీజన్ చివర ఇల్లే సరుకవుతుంది. ఆ గూటి ముందు ఏడాది పిల్ల బూడిదలో ఆడుతోంది. టీకా కార్డు అడిగితే తల్లి ఒక మడతపెట్టిన కాగితం తీసింది. అది కార్డు కాదు, బయానా చీటీ, అంటే పనికి ముందే తీసుకున్న డబ్బు లెక్క. ఒడియా నాకు రాదు, తెలుగు ఆమెకు రాదు. బయానా తీసుకున్న కుటుంబం మధ్యలో కదలలేదు, జ్వరం వచ్చినా గుమస్తా పంపితేనే దవాఖానాకు. కొన్ని బట్టీల దగ్గర తర్వాత ఒడియాలో బడులు పెట్టారు, అది మంచి పని. బడికి భాష కావాలని తట్టిన మనకు, సూదిమందుకూ భాష కావాలని ఇంకా తట్టలేదు.

ఆరోగ్యం అనగానే నల్గొండ మనిషి నీళ్ల దగ్గరికే వస్తాడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ చెరుపు చేస్తుంది. మర్రిగూడ, మునుగోడు, నారాయణపూర్ వైపు బోర్లు లోతుకు పోయిన కొద్దీ రాతి పొరల్లోంచి అది ఎక్కువగా వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి దాన్ని తీసే విధానాన్ని నాగపూర్‌లోని పరిశోధన సంస్థ నీరి తయారుచేసింది, దానికి ప్రపంచమంతటా నల్గొండ పద్ధతి అనే పేరు. మందుకు మన పేరు పెట్టారంటే జబ్బు మనదని అర్థం. 2001లో ఆ వైపు ఊళ్లో ఒక పెద్దాయన మెడ వంగిపోయి నా చెప్పులతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. వైకల్యం గడి దగ్గర ఆగి, నడవడానికి ఇబ్బందా అని అడిగాను. "వైకల్యమా? లేదు సార్. మా ఊళ్లో అందరూ ఇంతే కదా" అన్నాడు. ఇంటింటికీ తాగునీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్, అంటే గుర్తు స్తంభం, 2015 జూన్‌లో చౌటుప్పల్‌లోనే వేశారు, కృష్ణా నీళ్లు వచ్చాయి, ఇప్పటి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. అది ఒప్పుకోవాలి. వంగిన ఎముకలు మాత్రం ఏ నీళ్లకూ తిరిగి నిటారు కావు. ఆ తరానికి కావలసింది పింఛను, మోకాలి వైద్యం.

ఇటు మూసీ పక్క కథ వేరు. నగరం వదిలిన మురుగు పిలాయిపల్లి కాలువ వెంట పోచంపల్లి వైపు పొలాలకు వస్తుంది. ఎండాకాలం కూడా నీళ్లే. అందుకే ఆ నీళ్లను తిట్టినవాళ్లే వాటిని వదులుకోరు. నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లకు దురదలు, నీళ్లు నురగ, పంట మాత్రం రెండు కార్లు. బీబీనగర్‌లో నిమ్స్ కోసం కట్టిన ఆవరణ ఎయిమ్స్ అయింది, 2019లో తొలి ఎంబీబీఎస్ తరగతి చేరింది. సంతోషమే. అదే ఏడాది నల్గొండలో, సూర్యాపేటలో, అంతకు ముందు 2016లో మహబూబ్‌నగర్‌లో వైద్య కళాశాలలు వచ్చాయి. కాళ్ల దురదకు ఎవరూ ఎయిమ్స్‌కు పోరు. కూలి పోతుందని ఉపకేంద్రానికే పోరు.

2027 ఫిబ్రవరిలో మళ్లీ లెక్కింపు, దానికి ముందు ఇళ్ల జాబితా. ఈసారి అట్ట లేదట, అంతా ఫోనులోనే. మళ్లీ అదే ఫిబ్రవరి, అవే బట్టీలు, అవే తాళాలు. ఇక్కడ కూర్చున్న కుర్ర ఉపాధ్యాయుల్లో చాలామందికి ఆ పని పడుతుంది. మీకు ఒక్కటే మనవి. ఆసు దగ్గర రెండో ప్రశ్న అడగండి. బట్టీకి పోయేటప్పుడు ఒడియా తెలిసినవాణ్ణి ఎవరినైనా వెంట తీసుకుపొండి, ఆ బడుల్లో చదివిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు.

నా మాటలు చాలు. ముందు వరుసలో ఆశా కార్యకర్తలు కూర్చున్నారు, ఇందాకటి నుంచి నన్ను చూసి నవ్వుకుంటున్నారు కూడా. ఎవరి గదిలో ఎందరున్నారో, ఎవరు ఏ నెలలో వెళ్తారో వాళ్ల పుస్తకాల్లో ఉంది. నా లెక్క పదిహేనేళ్ల నాటిది, వాళ్లది పోయిన మంగళవారం నాటిది. మైకు వాళ్లకివ్వండి.