నవ్వని పాటలు, నవ్వించే సినిమా

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన మిత్రులు ‘హాస్య చిత్రాల సంగీతం’ అని పెద్ద శీర్షికే పెట్టారు. అంత బరువు నేను మోయలేను. ఒక్క సినిమా ఎత్తుకుంటాను. 1955 సంక్రాంతికి వచ్చిన ‘మిస్సమ్మ’. ఈ హాల్లో ఆ పాటలు రానివాళ్లు ఉండరు కాబట్టి, నేను పాడి మిమ్మల్ని బాధపెట్టే అవసరం కూడా లేదు.

నేను వయొలిన్ మాస్టర్ని. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు మా ఇంటికొచ్చి, ‘మాస్టారూ, ఇది కామెడీ సీను, ఏం వాయిస్తారు?’ అంటుంటారు. వాళ్లకేం కావాలో నాకు తెలుసు. తీగల్ని వేలితో మీటి టింగుటింగుమనిపించాలి. ఎవడైనా కాలుజారి పడితే పై షడ్జం నుంచి కిందిదాకా ఒక జారుడు జారాలి. పక్క సీట్లో కూర్చుని ప్రేక్షకుణ్ణి మోచేత్తో పొడిచి ‘ఇప్పుడు నవ్వవయ్యా’ అనడమన్నమాట. డబ్బులిస్తారు, వాయిస్తాను, అది వేరే సంగతి.

సాలూరి రాజేశ్వరరావుగారు ‘మిస్సమ్మ’ పాటల్లో ఆ పని చెయ్యలేదు. కథేమో నవ్వులాట. ఉద్యోగాల్లేని ఇద్దరు, రావు, మేరీ, మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి ఒక జమీందారు బళ్లో పంతులు, పంతులమ్మగా చేరతారు. అంత కథకు ఆయనిచ్చింది వెన్నెలలాంటి సంగీతం. సినిమా చూడనివాడికి ఆ పాటలు విడిగా వినిపించండి, ఏదో గాఢమైన ప్రేమకథ అనుకుంటాడు. పాట నవ్వదు. పాడేవాళ్ల అవస్థ తెలిసిన మనం నవ్వుతాం.

ఒక ఉదాహరణ చెబుతాను. ‘తెలుసుకొనవె చెల్లీ’ అని జమీందారు కూతురు సీతకు మేరీ బుద్ధి చెబుతుంది. ఆడవాళ్లు మగవాళ్లకు దూరంగా మెలగాలని దాని సారాంశం. తర్వాత అదే బాణీలో ‘తెలుసుకొనవె యువతీ’ అని రావు అందుకుంటాడు. ఆడవాళ్లు పుట్టిందే మగవాళ్లను శాసించడానికంటాడు. బాణీ అదే, తీర్పు తలకిందులు. బాణీలో ఎక్కడా వెక్కిరింత లేదు. పి. లీలగారు ఎంత శ్రద్ధగా పాడారో, ఎ.ఎం. రాజాగారూ అంతే శ్రద్ధగా, మెత్తగా పాడారు. ఒకరి ఆయుధం లాక్కుని వాళ్ల మీదికే తిప్పడం మన అవధానులకు, హరికథ దాసులకు తెలిసిన విద్యే. సినిమా పాటలో ఇంత సుతారంగా జరగడం నేను మళ్లీ పెద్దగా వినలేదు.

ఇందులో సగం పుణ్యం పాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారిది. ‘రావోయి చందమామా’ చూడండి. ఇద్దరికీ ఒకళ్లమీద ఒకళ్లకు కోపం. ఎదురుగా చెప్పుకోరు, చందమామను మధ్యవర్తిగా పెట్టుకుంటారు. అక్కడ రావు ‘తన మతమేదో తనదీ’ అంటాడు. మతమంటే అభిప్రాయమూ అవుతుంది, మతమూ అవుతుంది. ఆమె పెరిగింది క్రైస్తవుల ఇంట్లో. మూడు మాటల్లో మొత్తం తగాదా వచ్చేసింది. బాణీ మాత్రం ఆ శ్లేష దగ్గర ఒక్క క్షణం ఆగి ‘చూశారా’ అనదు, సాగిపోతుంది. ఆగితే చమత్కారం చచ్చేదని నా అనుమానం.

చందమామ అన్నాను గనక ఒక ముచ్చట. ఈ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 నుంచి ‘చందమామ’ పత్రిక నడిపినవాళ్లు. కెమెరా మార్కస్ బార్ట్‌లేగారు, ఆయన తెరమీద పరిచిన వెన్నెల సంగతి మీకు తెలుసు. ఆ సంస్థలో చంద్రుడు నెల జీతం మీద పనిచేసేవాడేమో అనిపిస్తుంది.

‘బృందావనమది అందరిదీ’ ఇంకో రకం. రావు, సీత కలిసి పాడుతుంటే మేరీకి ఒళ్లు మండుతుంది. పాటలో ‘ఎందుకే రాధా ఈసునసూయలు’ అంటారు. అడిగేది రాధనే, తగిలేది మేరీకి. మేరీమాతను కరుణించమని వేడుకునే అమ్మాయి ఇక్కడ రాధ అయిపోయింది. అదే అమ్మాయి గొంతులో త్యాగరాజస్వామి ఆందోళిక రాగ కృతి ‘రాగ సుధారస’ కూడా ఉంది. మేరీ నిజానికి ఆ జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని కథ చివర తేలుతుంది. పాటలకు ఆ సంగతి ముందే తెలిసినట్టుంది. అన్నట్టు, పెళ్లే కానివాళ్ల కథలో సీమంతం పాట కూడా పెట్టారు.

గొంతుల సంగతి కొంచెం చెప్పాలి. మేరీ వేషానికి మొదట అనుకున్నది భానుమతిగారిని. ఆవిడ తన పాటలు తానే పాడుకునే మనిషి. ఆవిడ తప్పుకుని సావిత్రిగారు రావడంతో లీలగారి గొంతు వచ్చింది, సీతగా వేసిన జమునగారికి సుశీలగారు పాడారు. భానుమతిగారి గొంతులో ఒక ధాటి ఉంటుంది. ఆ ధాటితో ‘ఏమిటో ఈ మాయ’ ఎలా ఉండేదో ఊహించుకోవడం నాకు సరదా. బాగానే ఉండేది, కానీ ఇంకో సినిమా అయ్యేది. రావుగా వేసిన ఎన్టీఆర్‌కు ఘంటసాలగారు కాకుండా రాజాగారు పాడటమూ అలాంటిదే. ‘పాతాళభైరవి’లో ఘంటసాల గొంతుకు సాహసం ఉంది. ఈ రావు సాహసి కాడు, తిండికోసం అబద్ధమాడి ఇరుక్కున్న బి.ఏ. కుర్రాడు. ఆ మెత్తదనం అతనికి సరిపోయింది. ఇక ‘దేవదాసు’తో తెలుగునాడంతా ఏడిపించిన నాగేశ్వరరావుగారికి డిటెక్టివ్ రాజు వేషమిచ్చి, ఒక్క పాటా ఇవ్వలేదు! ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

నా వాదానికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాచను. దేవయ్యగా రేలంగిగారు తానే పాడిన ‘ధర్మం చెయ్ బాబూ’ నవ్వించడానికే పుట్టిన పాట. అడుక్కునేవాళ్ల బాణీ, అడుక్కునేవాళ్ల తర్కం. అయితే అది పక్కవేషగాడి పాట. నాయికా నాయకుల జోలికి ఆ రంగు రానివ్వలేదు.

ఇదే సినిమా తమిళంలోనూ ఒకేసారి తయారైంది, అక్కడా రాజాగారే పాడారు. 1957లో హిందీలో తీసినప్పుడు సంగీతం హేమంత్ కుమార్‌గారికి వెళ్లింది. ఆయన తన బాణీలు తాను కట్టుకున్నా, ‘బృందావనమది’ బాణీని మాత్రం వదల్లేకపోయారు. 2001లో మణిశర్మగారు ‘ఖుషి’ సినిమా కోసం ‘మిస్సమ్మ’లోని ‘ఆడవారి మాటలకు’ పాటను మళ్లీ బయటకు తీస్తే, మా శిష్యుడొకడు ‘మాస్టారూ, కొత్త పాట విన్నారా’ అని పరుగెత్తుకొచ్చాడు. నేను విన్నానని చెప్పలేదు. వాడి సంతోషం ఎందుకు పాడుచెయ్యడం?

మాటలు చాలు. ఆ వెనక స్పీకరు దగ్గరున్న బాబూ, ‘రావోయి చందమామా’ పెట్టు. ‘నాతో తగవులు పడుటే’ అన్నచోట లీలగారి గొంతు ఒకసారి పట్టి వినండి. ఫిర్యాదు చేస్తోంది గానీ, ఆ ఫిర్యాదు తీరిపోవాలని ఉన్నట్టు లేదు. కరెంటు పోకముందే కానిద్దాం.