గట్టు మీద ఇంటికి డోర్ నంబరు ఉండదు

అందరికీ నమస్కారమండి. రేపటి నుంచి మీరు ట్యాబులు పట్టుకుని, పేదలెవరో గుర్తించే సర్వేకి వెళ్తున్నారు. మన గోదావరి డెల్టా పచ్చగా ఉంటుంది కాబట్టి ఇక్కడ లేమి కంటికి ఆనదు. కొబ్బరితోటలో పాక కనిపిస్తే తోట కూడా వాళ్లదే అనుకుంటాం. కాపలా ఉన్నందుకు పాక వేసుకోనిచ్చారని అడిగితేనే తెలుస్తుంది.

పేదల్ని గుర్తించడానికి చేసిన 2002 సర్వేలో 13 ప్రశ్నలుండేవి. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 52. తక్కువ వచ్చినవాళ్లు పేదలు. 2011లో మొదలైన సామాజిక ఆర్థిక కుల గణనలో పద్ధతి మారింది. మోటారు బండి గానీ, మోటారు పడవ గానీ ఉన్న పల్లె కుటుంబాన్ని పేదల లెక్కలోంచి ముందే పక్కన పెట్టేశారు. అంతర్వేది వైపు పాత టీవీఎస్ మీద ఊరూరా చేపలమ్మే మనిషికి ఆ బండే కదండీ కూడు పెట్టేది! అప్పు చేసి కొన్న బండి వల్లే అతను లెక్కలోంచి పోయాడు.

లంకల్లో ఇంకో బాధ. ఏటి కోతకి పొలం గోదాట్లో కలిసిపోయినా పాసుపుస్తకంలో అలాగే ఉంటుంది. పుస్తకం చూసి రైతు అని రాసేస్తాం. ఆయనేమో పొద్దున్నే పడవెక్కి అవతలి ఒడ్డుకి కూలికి పోతుంటాడు.

2000లో మొదలైన వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకంలో పేదలెవరో ఊరివాళ్లే తేల్చే పద్ధతి వచ్చింది. ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం వేయించి, ఇంటింటి సంగతీ అక్కడే మాట్లాడించేవాళ్లం. మంచి పద్ధతి. కానీ నేనే ఒకసారి దాన్ని పాడుచేశాను. నాట్ల రోజుల్లో, పొద్దున పదింటికి, రామాలయం ముందు మీటింగు పెట్టాను. కూలివాళ్లు చేలో ఉన్నారు. దళితులుండే పేటవాళ్లు గుడి ముందుకి రాలేదు. కాలువగట్టు మీద ఒంటరిగా ఉండే ముసలావిడ పేరు ఎవరూ ఎత్తలేదు. గట్టు పోరంబోకు కాబట్టి ఇంటికి నంబరు లేదు. అంత్యోదయ కార్డుకి నెలకి 35 కిలోల బియ్యం ఇస్తారు. ఆ కార్డు ఆవిడలాంటి వాళ్ల కోసమే పెట్టారు. ఆవిడకి అందకపోవడం నా తప్పే. ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

అందుకే చెబుతున్నాను, దీపాలు పెట్టే వేళకి వెళ్లండి. పేటలో పటం పేటవాళ్ల చేతే వేయించండి. లిస్టు చదివి వినిపించి, "ఇంకెవరైనా మిగిలారా అమ్మా?" అని అడిగి కాసేపు కూర్చోండి. పెద్దమనుషులు లేచి వెళ్లాక ఆడవాళ్లు మెల్లగా ఒక పేరు చెబుతారు. ఆ ఇంటికి ఆ రాత్రే వెళ్లండి.