బాలింత కాలు ఒక్కటే వాస్తే

అనంతపురం జిల్లా ఆశా కార్యకర్తలందరికీ నమస్కారం.

3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మీరు పసిబిడ్డను చూడటానికి బాలింత ఇంటికి పోతుంటారు. బిడ్డ బరువు, బొడ్డు చూస్తారు. ఆ పూటే తల్లి పిక్కలు రెండూ చూడమని అడగడానికి వచ్చాను.

రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లను ఫ్యాక్టర్లంటాం. ఒకటి ఇంకోదాన్ని లేపుతూ పోతే చివరికి ఫైబ్రిన్ దారాలు అల్లుకుంటాయి. చాలించమని ఆపేవి యాంటీత్రాంబిన్, ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్. గర్భంలో ఫైబ్రినోజన్ (ఫైబ్రిన్‌కు ముడిసరుకు), 7వ, 8వ నంబరు ఫ్యాక్టర్లు పెరుగుతాయి, ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. కాన్పులో రక్తం ధారపోకుండా దేహం చేసుకునే ఏర్పాటిది. అది సర్దుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. సిరల్లో గడ్డల ముప్పు ఎక్కువుండేది ఆ రోజుల్లోనే, సిజేరియనైతే ఇంకా ఎక్కువ.

దానికి మన పథ్యం తోడవుతోంది. కుట్లు చీము పడతాయని నీళ్లు కొలిచి ఇస్తారు, మంచం దిగనివ్వరు. నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. నడవకపోతే పిక్క కండరం రక్తాన్ని పైకి నెట్టదు. ఇంట్లో అవ్వతో వాదనకు దిగొద్దు. కాచిన నీళ్లే, వేడివేడిగానే ఇవ్వమనండి, కానీ అడిగినన్ని ఇవ్వమనండి. పాలిచ్చే తల్లికి గంజి, మజ్జిగ కలుపుకొని రోజుకు మూడు లీటర్ల దాకా కావాలి.

రెండు కాళ్లూ సమంగా వాస్తే బీపీ చూపించండి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే అనుమానించాలి. ఎడమ కాలికే ఎక్కువ, ఎందుకంటే పొత్తికడుపులో కుడివైపు ధమని ఎడమ సిర మీదుగా దాటుతూ దాన్ని నొక్కుతుంది. మోకాలి కింద ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు దిగి, అక్కడ రెండు పిక్కలకూ టేపు చుట్టండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే సిరల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్‌కు అదే రోజు పంపండి. గడ్డ ఉందేమో చూసే రక్త పరీక్ష డి-డైమర్ బాలింతకు మామూలుగానే ఎక్కువుంటుంది, దాన్ని పట్టుకొని నిర్ణయించలేం.

నూనె పెట్టి పిసకనివ్వొద్దు. గడ్డ విడి ఊపిరితిత్తులకు చేరొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, ఆగని తలనొప్పి, ఫిట్స్ వస్తే 108కే ఫోన్ చేయండి.

గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ సూదులు వేస్తున్నా పాలివ్వచ్చు. మందు కనీసం మూడు నెలలు వాడాలి, వాపు దిగిందని మధ్యలో మానేస్తే గడ్డ మళ్లీ కట్టొచ్చు. ఈస్ట్రోజన్ ఉన్న మాలా-ఎన్ మాత్రలు పాలిచ్చే తల్లికి కాన్పైన ఆరు నెలల దాకా ఇవ్వొద్దు. ఒకసారి గడ్డ కట్టినవాళ్లకైతే ఎప్పటికీ వద్దు, కాపర్-టీ మేలు.